నొప్పి లేదంటే నమ్మకండి

మాదాపూర్‌లో ఒక పీజీ హాస్టల్ గది అనుకోండి. నాలుగు మంచాలు, నాలుగు ల్యాప్‌టాప్‌లు, కిటికీకి ఒకటే కర్టెన్. నైట్ షిఫ్ట్ ముగించుకుని తెల్లవారుజామున వచ్చిన కుర్రాడు లైటు వేశాడు. పక్క మంచం మీద మిత్రుడు గురక పెడుతున్నాడు గానీ ఎడమ కన్ను పూర్తిగా మూతపడలేదు. రెప్పల సందులోంచి తెల్లగుడ్డు కనిపిస్తోంది. పొద్దున ఇడ్లీల దగ్గర అదే జోకు: "ఏంట్రా, చేపలా కళ్లు తెరుచుకుని పడుకుంటున్నావ్?" అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. చెంప మీద, కంటికి దగ్గరగా ఉన్న మచ్చ సంగతి వాళ్లకు తెలియదు. రోజూ చాటుగా వేసుకుంటున్న మాత్రల సంగతి అసలే తెలియదు.

ఆ జోకు వేసిన కుర్రాడు తనకు తెలియకుండానే జబ్బు లక్షణం చెప్పేశాడు. కుష్టులో చూపు పోవడానికి మొదటి మెట్టు చాలాసార్లు అలాగే ఉంటుంది. దాన్ని రోగి కన్నా ముందు పక్క మంచం వాడు చూస్తాడు.

కుష్టును చర్మ వ్యాధి అనుకుంటాం. అది పాడు చేసేది ప్రధానంగా నరాలను. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించిన ఆ సూక్ష్మక్రిమికి ఒంట్లో చల్లగా ఉండే చోట్లంటే ఇష్టం. చర్మం, ముక్కు లోపలి పొర, చర్మానికి దగ్గరగా పోయే నరాలు, కంటి ముందు భాగం దాని అడ్డాలు. ముఖాన్ని కదిలించే నరం దెబ్బతింటే రెప్ప మూతపడదు. కంటికి స్పర్శనిచ్చే నరం దెబ్బతింటే నల్లగుడ్డు మీద ఇసుక రేణువు పడినా తెలియదు. రెండూ ఒకే కంటికి వస్తే? దొంగ వచ్చినా తలుపు పడదు, కుక్క మొరగదు.

మిగతా శాస్త్రాన్ని డాక్టర్లకు వదిలేద్దాం. మీకు కావాల్సింది చేయాల్సిన పని.

ముందు ఒక ప్రశ్న. ఈ అధ్యాయం మీకోసమేనా? మీరు కుష్టుకు మందు వాడుతుంటే, ఎప్పుడో వాడి మానేసి ఉంటే, ఇంట్లో అలాంటి పెద్దవాళ్లు ఉంటే, ఇది మీకోసమే. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, మీ ఆఫీసు హౌస్‌కీపింగ్ అక్క, నానక్‌రామ్‌గూడలో మీ కాబోయే ఫ్లాటు కడుతున్న మేస్త్రీ ఒడిశా నుంచో ఛత్తీస్‌గఢ్ నుంచో వచ్చినవాళ్లయితే వాళ్ల తరఫున మీరు చదవాలి. కుష్టు కేసులు ఇప్పటికీ ఎక్కువగా కనిపించే రాష్ట్రాలవి. 2005 చివరికల్లా దేశంలో కుష్టు పదివేల మందికి ఒక కేసు కన్నా దిగువకు వచ్చిందని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ప్రకటన విని చాలామంది జబ్బే పోయిందనుకున్నారు. నేటికీ ఏటా లక్షకు పైగా కొత్త కేసులు బయటపడుతున్నాయి. ప్రపంచం మొత్తం మీద వచ్చేవాటిలో సగానికి పైగా మన దేశంలోవే.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. గచ్చిబౌలిలో ఓ ఆఫీసు పాంట్రీలో ఈ సంభాషణ ఊహించుకోండి.

"అక్కా, కన్ను అంత ఎర్రగా ఉందేంటి?"

"ఏమో అమ్మా, మూడు రోజులైంది."

"నొప్పిగా ఉందా?"

"అస్సలు లేదు."

"అయితే పర్లేదులే. నిద్ర చాలక అయి ఉంటుంది."

ఇద్దరిదీ మంచి మనసే. ఇద్దరూ పొరబడ్డారు. మామూలు కంటికి నొప్పి లేదంటే కాస్త ఊరట. కుష్టు సోకిన కంటికి మాత్రం నొప్పి లేకపోవడమే ఒక లక్షణం. మూడు రోజులుగా ఎర్రగా ఉండి, మంట లేకుండా, నీరు కారుతూ ఉందంటే లోపల నల్లగుడ్డు మీద పుండు పడి ఉండవచ్చు. ఆ పుండు మానినా మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలోంచి సరిగా కనబడదు. రోజంతా స్క్రీన్ చూసేవాళ్లకు కళ్లు మండుతాయి, చుక్కలు వేసుకుంటారు, కాసేపు కిటికీలోంచి దూరంగా చూస్తారు. ఆ మంటే వాళ్లను కాపాడుతోంది. స్పర్శ పోయిన కంటికి ఆ అదృష్టం లేదు. కాబట్టి నరం చేయాల్సిన పనిని గడియారం, అద్దం, స్కేలు, పక్కనున్న మనిషి పంచుకోవాలి.

ఎలా?

1. స్కేలు తీయండి.

పడుకునే ముందు కుర్చీలో కూర్చోండి. నిద్రపోతున్నట్టు మెల్లగా కళ్లు మూయండి, గట్టిగా వద్దు. ఎదుట ఒకరు సెల్‌ఫోన్ టార్చ్ పక్కగా పట్టుకుని చూడాలి, నేరుగా కంట్లోకి కొట్టకూడదు. రెప్పల మధ్య సందు ఉందా? ఉంటే స్కూలు పిల్లల స్కేలు దగ్గరగా, కంటికి తగలకుండా పట్టి ఎన్ని మిల్లీమీటర్లో రాసుకోండి. తర్వాత గట్టిగా మూయమని మళ్లీ చూడండి. రెండు కళ్లకూ చేయండి. వారానికి ఒకసారి, అదే కుర్చీలో, అదే వెలుతురులో.

ఈ పరీక్ష ఒంటరిగా కుదరదు. మూసిన కన్ను తనను తాను చూసుకోలేదు కదా. ఎవరూ లేకపోతే ఫోన్‌లో వీడియో తీసుకోండి.

సందు కొత్తగా వచ్చిందా? అయితే రోజులు లెక్కపెట్టండి. రెప్ప బలహీనపడి 6 నెలలు దాటకముందే వెళితే డాక్టర్లు స్టెరాయిడ్ మాత్రలతో నరాన్ని చాలావరకు తిరిగి తేగలరు. నెలలు గడిచేకొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. చెంప మీద, కంటి దగ్గర మచ్చ ఉండి అది ఒక్కసారిగా ఎర్రబడి ఉబ్బితే వారం దాకా ఆగొద్దు, మర్నాడే వెళ్లండి. దాన్ని రియాక్షన్ అంటారు. మందు పనిచేయలేదని దాని అర్థం కాదు, ఒళ్లు క్రిమి మీద తిరగబడుతోందని. చాలామంది ఇక్కడే భయపడి కుష్టు మాత్రలు ఆపేస్తారు. ఆపకూడదు. స్టెరాయిడ్ కూడా మొదలుపెట్టాక వారాల తరబడి మెల్లగా తగ్గించుకుంటూ వాడాల్సిందే. షుగర్ ఉంటే మొదటి రోజే డాక్టర్‌కు చెప్పాలి.

సందు పాతదై, 5 మిల్లీమీటర్లు దాటితే సాధారణంగా ఆపరేషన్ మాట వస్తుంది. చిన్నది, రెప్పల చివర్లు కొంత కలిపి కుట్టడం. ఇంకొకటి వింటే నమ్మబుద్ధి కాదు: దవడ నమిలే కండరంలో కొంత భాగాన్ని రెప్పలకు మళ్లిస్తారు. తర్వాత ఆ మనిషి పళ్లు బిగబడితే కన్ను మూసుకుంటుంది. నమిలినప్పుడల్లా రెప్ప పడుతుంది.

2. రెప్పకు అలారం పెట్టండి.

మన పురాణాల్లో దేవతలకు అనిమిషులని పేరు. వాళ్లు రెప్ప వేయరు. మనుషులకు ఆ సౌకర్యం లేదు. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప పడాలి. స్క్రీన్ ముందు కూర్చుంటే అది సగానికి పైగా తగ్గిపోతుంది. నరం బలహీనపడిన కన్ను ఏసీ గాలిలో, స్క్రీన్ ముందు ఎనిమిది గంటలు ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు చాలామంది విన్నారు. కుష్టుతో వంకరపోయిన చేతులను వేలూరులో ఆపరేషన్లతో నిలబెట్టినాయన. ఆయన భార్య మార్గరెట్ బ్రాండ్ కంటి డాక్టర్. కుష్టు రోగుల కళ్ల కోసం పనిచేసిన తొలితరం వైద్యుల్లో ఆమె ఒకరు. ఆ తరం వైద్యులు రోగులకు నేర్పిన చిట్కా నేటికీ మారలేదు: రెప్ప తనంతట తాను పడకపోతే, గుర్తు చేసుకుని వేయండి. ఖర్చు సున్నా. ఇబ్బంది ఒక్కటే, గుర్తుండదు.

అందుకే దాన్ని ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టాలి. మెట్రోలో వెళ్తున్నారా? అమీర్‌పేట దాటితే రాయదుర్గం దాకా తొమ్మిది స్టేషన్లు. స్టేషన్ పేరు వినపడినప్పుడల్లా కళ్లు గట్టిగా మూసి మూడు లెక్కపెట్టి తెరవండి, ఐదుసార్లు. ఆఫీసులో ప్రతి మెయిల్ పంపాక ఒకసారి. గేటు దగ్గర డ్యూటీ అయితే బండి లోపలికి వచ్చినప్పుడల్లా. ఇంట్లో ఉంటే సీరియల్‌లో ప్రకటన వచ్చినప్పుడల్లా. (సీరియళ్లు చూసేవాళ్లకు ఈ లెక్కన వ్యాయామం బాగానే దొరుకుతుంది.) కండరంలో కొంత బలం మిగిలి ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. బొత్తిగా కదలని రెప్పకు ఇదొక్కటే చాలదు.

3. ఒక్కో కన్నుతో క్యాలెండర్ చదవండి.

రెండు కళ్లతో చూస్తే బాగున్న కన్ను చెడిన కన్నును కప్పిపుచ్చుతుంది. గోడ మీద క్యాలెండర్, ఎదురుగా నేల మీద సుద్దముక్కతో ఒక గీత. వారానికోసారి ఆ గీత మీద నిలబడి ఒక కన్ను మూసి చదవండి, తర్వాత రెండోది. గతవారం కనిపించిన తిథి ఈ వారం మసకబారిందా? ఆసుపత్రికి వెళ్లండి. చదువు రానివాళ్లయితే ఆరు మీటర్ల దూరంలో నిలబడి వేళ్లు చూపించండి. ఎన్నో చెప్పలేకపోతే ఆలస్యం చేయకండి.

ఆ మసకకు కారణం శుక్లం కావచ్చు. కుష్టు వచ్చినవాళ్లలో చూపు పోవడానికి అది పెద్ద కారణం. కొందరికి వయసుతో వస్తుంది, కొందరికి కంటి లోపలి వాపు వల్ల, కొందరికి చాలాకాలం వాడిన స్టెరాయిడ్ల వల్ల. "పెద్దరోగం వచ్చిన కంటికి ఆపరేషన్ చేయరు" అనే మాట పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది. చేస్తారు. లోపలి వాపు తగ్గి కన్ను నెమ్మదించాక, లెన్స్ పెట్టి మరీ చేస్తారు.

4. కంటికి రాత్రి కాపలా.

పడుకునే ముందు డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్, పైన శుభ్రమైన పలుచటి గుడ్డ. ఫ్యాను నేరుగా ముఖం మీదికి తిప్పకండి. పగలు కళ్లద్దాలు, బైక్ మీద హెల్మెట్ అద్దం కిందికి. కోకాపేట వైపు కొత్త భవనాల మధ్య బండి మీద వెళ్లేవాళ్లకు ఆ దుమ్ము గురించి చెప్పనక్కర్లేదు. పొద్దున అద్దంలో చూసుకోండి: ఎర్రజీర, నలుసు, కంట్లోకి తిరిగిన వెంట్రుక ఏమైనా ఉన్నాయా? మంచినీళ్లతో కడగండి. చేతులకు తిమ్మిరి ఉంటే వేళ్లతో నలపకండి. ఎంత గట్టిగా నలుపుతున్నారో వేళ్లకూ తెలియదు, కంటికీ తెలియదు.

5. మందుల షాపులో చుక్కలు కొనకండి.

"కన్ను ఎర్రబడింది, ఏదైనా ఇవ్వన్నా" అంటే చాలా షాపుల్లో ఏదో ఒక సీసా చేతికొస్తుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు రెండ్రోజుల్లో తగ్గి మందు పనిచేసినట్టే ఉంటుంది. ఈలోపు నల్లగుడ్డు పుండు లోతుకు దిగుతుంది. నెలల తరబడి వాడితే కంటి ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం త్వరగా ముదురుతుంది. మరోవైపు, కుష్టులో కనుపాప చుట్టూ లోపల వాపు వచ్చినప్పుడు అదే స్టెరాయిడ్ చుక్క చూపును కాపాడే మందు. అప్పుడు కనుపాపను పెద్దది చేసే చుక్క కూడా కలిపి వేస్తారు, లేకపోతే కనుపాప అంచు వెనకున్న లెన్స్‌కు అంటుకుపోతుంది. ఒకే సీసా ఒక కంటిని కాపాడుతుంది, ఇంకో కంటిని పోగొడుతుంది. ఎవరికి ఏదో తేల్చేది స్లిట్‌ల్యాంప్ పరికరం వెనక కూర్చున్న డాక్టరే. ఆకు పసరు, చనుబాల సంగతి విడిగా చెప్పాలా? రెండూ కంట్లోకి పోకూడదు.

6. కాంటాక్ట్ లెన్స్, లేసిక్: ఆగి ఆలోచించండి.

పాత పుస్తకాల్లో ఈ సలహా దొరకదు, ఐటీ కారిడార్‌లో మాత్రం అవసరం. కుష్టు మందుల్లో రిఫాంపిసిన్ ఒకటి, నెలకోసారి వేసుకునేది. అది వేసుకున్నప్పుడు మూత్రం, కన్నీరు ఎర్రగా వస్తాయి. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు శాశ్వతంగా నారింజ రంగుకు తిరగవచ్చు. అది లెన్స్ ఖరీదుతో పోయే నష్టం. స్పర్శ లేని కంటికి లెన్స్ పెట్టడం మాత్రం చూపుతో పోయే నష్టం. లెన్స్ కింద నలుసు చేరినా, గీసుకున్నా తెలియదు.

లేసిక్ మరో సంగతి. కళ్లద్దాలు వదిలించుకోవాలని మీరు కన్సల్టేషన్‌కు వెళ్లారు. ఫారంలో షుగర్, బీపీ, అలర్జీ గడులు ఉన్నాయి. కుష్టు గడి ఉండకపోవచ్చు. మీరే నోరు విప్పి చెప్పాలి. ఆ ఆపరేషన్‌లో నల్లగుడ్డు నరాలు కొన్ని తెగుతాయి, మామూలు కంటికే కొన్ని నెలలు స్పర్శ తగ్గుతుంది. అసలే స్పర్శ తగ్గిన కంటికి అది ఎంత ప్రమాదమో డాక్టర్ తేల్చాలంటే విషయం ఆయనకు తెలియాలి. కంపెనీ హెల్త్ చెకప్‌లో "ఐ టెస్ట్ నార్మల్" అని వచ్చినా అంతే. అక్కడ సాధారణంగా చూసేది పవర్. రెప్ప మూత చూడమని, నల్లగుడ్డు స్పర్శ పరీక్షించమని అడగండి. దూది పోగు చివరతో అరనిమిషంలో చేస్తారు. ఇంట్లో మీరు ప్రయత్నించకండి.

ఇన్ని జాగ్రత్తలు ఎన్నాళ్లు? మాత్రలు అయిపోతే చాలు కదా అనిపిస్తుంది. ఇక్కడ ఒక నిజం కష్టంగా ఉన్నా చెప్పాలి. వేలూరు దగ్గర కరిగిరి ఆసుపత్రి వైద్యులు, క్రిములు ఎక్కువగా ఉండే రకం కుష్టుకు మందుల కోర్సు పూర్తి చేసిన వారిని ఏళ్ల తరబడి పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. కోర్సు అయిపోయాక కూడా ఏటా ప్రతి 100 మందిలో 5 నుంచి 6 మందికి కొత్తగా కంటి సమస్య వచ్చింది. దాదాపు 4 మందిలో అది చూపునే దెబ్బతీయగలిగేది. క్రిమి చచ్చినా, నరానికి అది చేసిన గాయం తన దారిన తాను నడుస్తుంటుంది. అందుకే మీ నాన్నగారికి ముప్పై ఏళ్ల కిందటే నయమైనా సరే, ఏడాదికోసారి కళ్లు చూపించాలి.

కుష్టును బాగా ఎరిగిన చోటు ఒకటి ఈ నగరంలోనే ఉంది: కూకట్‌పల్లిలోని శివానంద రిహాబిలిటేషన్ హోమ్. వనపర్తి సంస్థానానికి చెందిన రాణి కుముదినీ దేవి కుష్టు రోగుల కోసం 1958లో మొదలుపెట్టారు. తర్వాత ఆమె హైదరాబాద్ మేయర్ కూడా అయ్యారు. అప్పట్లో అది ఊరికి దూరం. రోగులు ఊరికి దూరంగా ఉండాలనే అప్పటి లోకం కోరుకునేది. నలభై ఏళ్ల తర్వాత, 1998లో, సైబర్ టవర్స్ ప్రారంభమైంది. నగరమే నడుచుకుంటూ ఆ హోమ్ దాకా వచ్చేసింది. కేపీహెచ్‌బీలో ఉండి హైటెక్ సిటీకి రోజూ తిరిగే వేలమంది ఆ చుట్టుపక్కలే వెళ్తారు, అందులో ఏముందో తెలియకుండా. తెలుసుకుంటే మంచిది. కుష్టును పెద్ద ఆసుపత్రుల కన్నా దగ్గరగా చూసిన అనుభవం అలాంటి చోట్ల ఉంటుంది.

7. దాచకండి, లెక్కలోకి రండి.

ఇది చెప్పినంత తేలిక కాదు. టీమ్ లీడ్‌కు చెబితే ఉద్యోగం ఉంటుందా? పెళ్లి సంబంధం? ఇంటి ఓనర్? భయాలు ఊహలు కావు. అయితే చేతిలో కొన్ని ఆధారాలు కూడా ఉన్నాయి. మందు మొదలుపెట్టిన మనిషి నుంచి కుష్టు అంటుకోదు. కుష్టును విడాకులకు కారణంగా చూపే వీలును 2019 చట్ట సవరణ తీసేసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కుష్టు నుంచి కోలుకున్నవారిని గుర్తించింది, ప్రైవేటు సంస్థలకూ సమాన అవకాశాల విధానం ఉండాలంది. మీరు హెచ్‌ఆర్‌లో పనిచేస్తుంటే మీ కంపెనీ విధానంలో ఆ మాట ఉందో లేదో ఈ వారమే చూడండి. ఏసీ గాలి నేరుగా తగలని సీటు, గంటకోసారి ఐదు నిమిషాల విరామం, ఇంతకు మించి చాలామందికి అక్కర్లేదు.

ఆఫీసులో చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. కంటి డాక్టర్‌కు చెప్పడం మాత్రం ఇష్టాయిష్టాలకు వదిలేది కాదు.

ఎందుకింత గట్టిగా చెప్పడం అంటే, మామూలుగా చూపు పోయిన మనిషికి వేళ్లే కళ్లవుతాయి. బ్రెయిలీ చదువుతాడు, గోడ తడుముకుంటాడు, గ్లాసు వేడిని బట్టి టీ ఎంత కాగిందో తెలుసుకుంటాడు. కుష్టుతో వేళ్ల స్పర్శ పోయినవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. వాళ్లకు చేతుల పని కూడా కళ్లే చేస్తున్నాయి. పొయ్యి మీద గిన్నె పట్టుకునేటప్పుడు, చెప్పులో మేకు దిగిందేమో చూసుకునేటప్పుడు కళ్లతోనే తడుముతారు. ఆ కళ్లూ పోతే మిగిలేది చెవులు. ఫోన్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఈ నగరంలోని ఇంజినీర్లకు కొత్త కాదు. చూపు తగ్గుతున్న మనిషికి అది ముందే నేర్పితే, పూర్తిగా పోయేదాకా ఆగకుండా, చాలా మేలు.

ఎక్కడికి వెళ్లాలి? కుష్టు మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఐటీ కారిడార్ వాళ్లకు కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. బస్తీ దవాఖానలో అడిగినా, ఆశా కార్యకర్తను అడిగినా దారి చెబుతారు. కంటికైతే మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. డబ్బు కట్టలేనివాళ్లకు అక్కడ ఉచితంగా చూస్తారు. వెళ్లేటప్పుడు మాత్రల బ్లిస్టర్ ప్యాక్, మీరు రాసుకున్న మిల్లీమీటర్ల కాగితం, సందు ఎప్పటి నుంచి ఉందో ఆ తేదీ వెంట తీసుకెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది ఆ తేదీనే.

హాస్టల్ కుర్రాడికి ఆ తేదీ గుర్తుండకపోవచ్చు. చేప జోకు ఏ రోజు వేశాడో పక్క మంచం వాడికి గుర్తుంటుంది. ఇద్దరూ కలిసి వెళ్లండి.